గృహహింస కేసులో అతను ముద్దాయా, నిందితుడా, ప్రతివాదా?

మొన్న బంధువుల ఇంటికి కోర్టు నోటీసు వచ్చింది. కోడలు గృహహింస చట్టం కింద పిటిషన్ వేసింది. నోటీసు ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పమన్నారు. అబ్బాయి పేరు పక్కన రెస్పాండెంట్ నంబర్ 1, వాళ్లమ్మ పేరు పక్కన 2 అని ఉంది. "అంటే మావాడు ముద్దాయా?" అని ఆవిడ అడిగారు. చేతిలో కాగితం వణుకుతోంది. "కాదండీ, ప్రతివాది" అన్నాను. ఆవిడకి తేడా తెలియలేదు. తెలియాల్సిన తేడా అది.

2005 నాటి గృహహింస చట్టం ప్రధానంగా రక్షణ కోసం వచ్చింది. బాధితురాలు మేజిస్ట్రేటును అడిగేది రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు, పిల్లల కస్టడీ, నష్టపరిహారం లాంటివి. అందుకే అవతలి మనిషి ప్రతివాది. మొదట్లో చట్టం ప్రతివాది అంటే 'వయోజన పురుషుడు' అంది, అయితే భార్య తన భర్త బంధువుల మీద కూడా ఫిర్యాదు చేయొచ్చంది. 2016లో సుప్రీంకోర్టు 'వయోజన పురుషుడు' అన్న మాటలనే కొట్టేసింది. అందుకే అత్తగారి పేరూ ఉండొచ్చు. రక్షణ ఉత్తర్వు ఇచ్చాక దాన్ని మీరితే మాత్రం నేరం. ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిందితుడు అనే మాట అక్కడ మొదలవుతుంది.

అందరూ 498ఎ అనే కేసు (భార్య మీద భర్త, అతని బంధువులు చూపే క్రూరత్వానికి పాత ఐపీసీలోని సెక్షన్) వేరు. అది మొదటి నుంచీ క్రిమినల్ కేసే. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్ అయింది. మూడేళ్ల వరకు శిక్ష ఉంది. అందులో పేరు ఉంటే నిందితుడే. అయినా పేరు రాగానే అరెస్టు చేసేయకూడదని, అరెస్టు ఎందుకు అవసరమో పోలీసులు కారణం చూపాలని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

ఇక ముద్దాయి. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు. తెలుగులోకి వచ్చేసరికి కేసు ఎవరి మీద పడిందో అతనయ్యాడు! పూర్తిగా తలకిందులైంది. ఎలా జరిగిందో తెలిసినవాళ్లు చెప్పండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది 'నింద'. "లేనిపోని నింద మోపారు" అంటాం. రోజువారీ మాటల్లో నింద అంటే అబద్ధమనే ధ్వని ఉంది. అందుకే నిందితుడు అనగానే ఆమె అబద్ధం చెబుతోందని కొందరికి వినిపిస్తుంది. పేపర్లో అదే మాట, పక్కన ఫోటో కనిపిస్తే మిగతావాళ్లకి దోషి అని వినిపిస్తుంది. అతని ఉద్యోగం, చెల్లెలి పెళ్లి సంబంధం అన్నీ ఆ వినికిడి మీదే కదులుతాయి. దెబ్బలు తిని ధైర్యం చేసి స్టేషన్‌కి వెళ్లినామె మాటకీ అక్కడే విలువ పోతుంది. తీర్పు రాకముందే ఇద్దరికీ అన్యాయం.

చేర్పు: బాధితురాలు అనడం కూడా ముందే తీర్పు ఇచ్చినట్టే కదా అని ఒక సభ్యులు అడిగారు. వార్తలో అయితే ఫిర్యాదుదారు అనొచ్చు, ఒప్పుకుంటాను. కానీ ఈ చట్టమే ఆమెను బాధిత వ్యక్తి అంటుంది, హింసకు గురయ్యానని ఆరోపించే మహిళ అని నిర్వచనమూ ఇస్తుంది. నోటీసు అనువాదంలో ఆ మాట మార్చను.

'ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తి' నాకు నచ్చింది, కానీ హెడ్డింగులో పట్టదు. పత్రికల్లో పనిచేసేవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, ఇంతకన్నా చిన్న మాట ఏదైనా వాడుతున్నారా?