రౌటర్ మార్చాక కౌంటర్లకు మైఎస్‌క్యూఎల్ అందట్లేదు, 10060 ఎర్రర్

గాజువాక_కుర్రాడు:
పూర్ణా మార్కెట్‌లో మా బాబాయిది హోల్‌సేల్ కిరాణా కొట్టు. మేడ మీద విండోస్ పీసీలో మైఎస్‌క్యూఎల్ 8.0 (బిల్లుల లెక్కలుండే డేటాబేస్), కింద మూడు బిల్లింగ్ కౌంటర్లు. పిడుగు పడి రౌటర్ పోతే కొత్తది పెట్టాం, అప్పట్నుంచి ఏ కౌంటర్ నుంచి చూసినా 10060. పాతది 192.168.1 సిరీస్, కొత్తది 192.168.0 ఇస్తోంది, కౌంటర్లలో సర్వర్ ఐపీ మార్చేశాను కూడా. పింగ్ (అవతలి పీసీ పలుకుతుందా అని చూసేది) వెళ్ళట్లేదు, కానీ సర్వర్ పీసీలోనే లోకల్‌హోస్ట్ అని పెడితే హాయిగా ఓపెన్ అవుతోంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళేమో మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాలంటున్నారు, విజిటింగ్ ఛార్జ్ వేరేనట. పొద్దున్నే అనకాపల్లి బెల్లం లోడు దిగుతుంది, టెన్షన్‌గా ఉంది.

వైజాగ్_బ్రో:
ఫైర్‌వాల్ (బయటి కనెక్షన్లను అడ్డుకునేది) మొత్తం ఆపేయ్ బ్రో, పనైపోద్ది.

మర్రిపాలెం_మాస్టారు:
ఆపొద్దు బాబూ, కొట్టు లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. 10061 వస్తే అవతలి మెషీన్ దొరికింది కానీ ఆ పోర్టులో ఎవరూ వినట్లేదని, అప్పుడు సర్వీసు ఆగిందా, బైండ్ అడ్రస్ 127.0.0.1 (ఆ పీసీకి మాత్రమే) అని ఉందా చూడాలి. నీది 10060, అంటే జవాబే రాలేదు. ఐపీ సరిగ్గానే కొట్టి ఉంటే నా అనుమానం ఫైర్‌వాల్ మీదే. కొత్త రౌటర్ అంటే విండోస్‌కి కొత్త నెట్‌వర్క్, దాన్ని పబ్లిక్ అనుకుని ఉంటుంది, మైఎస్‌క్యూఎల్ పోర్టు 3306 రూల్ ప్రైవేట్‌కి మాత్రమే పెట్టి ఉంటారు. సర్వర్ పీసీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌కి వెళ్ళి ప్రైవేట్ చెయ్. పింగ్ సంగతి వదిలెయ్, విండోస్ దాన్ని ఊరికే కూడా అడ్డుకుంటుంది.

గాజువాక_కుర్రాడు:
మాస్టారూ, 10060 పోయింది! ఇప్పుడు 1130 అంటోంది, ఈ హోస్ట్‌కి అనుమతి లేదట.

మర్రిపాలెం_మాస్టారు:
మంచిదే, సర్వర్ దాకా వెళ్ళావు. మైఎస్‌క్యూఎల్‌లో యూజర్ అంటే పేరొక్కటే కాదు, ఎక్కడి నుంచి వస్తున్నాడన్నది కూడా కలిపే చూస్తుంది. మీ బిల్లింగ్ యూజర్ హోస్ట్ 192.168.1.% (పాత సిరీస్) అని ఉండి ఉంటుంది. రూట్‌తో (అడ్మిన్ యూజర్) లాగిన్ అయి, రీనేమ్ యూజర్ కమాండ్‌తో హోస్ట్‌ని 192.168.0.% చెయ్, పర్మిషన్లు అలాగే ఉంటాయి. అలాగే రౌటర్‌లో సర్వర్ పీసీకి ఐపీ రిజర్వ్ చేసెయ్, లేకపోతే ఏదో ఒక రోజు ఐపీ మారి మళ్ళీ మొదటికొస్తుంది.

గాజువాక_కుర్రాడు:
మూడు కౌంటర్లూ లేచాయి! ఇంటి నుంచి సేల్స్ చూసుకుంటానని బాబాయి అడుగుతున్నాడు, రౌటర్‌లో 3306 ఫార్వర్డ్ చేసేయనా?

మర్రిపాలెం_మాస్టారు:
వద్దు. ఇంటర్నెట్‌కి తెరిచిన 3306 కోసం బాట్లు రాత్రింబవళ్ళు తిరుగుతుంటాయి. రౌటర్‌లో వీపీఎన్ (బయటి నుంచి కొట్టు నెట్‌వర్క్‌లోకి భద్రంగా వచ్చే దారి) ఆప్షన్ ఉందేమో చూడు, మోడల్ పేరు ఇక్కడ పెట్టు.