తేనె గడ్డకట్టింది, పారేయాలా?

కూకట్‌పల్లి కోడలు: పోయిన నెల శ్రీశైలం వెళ్లొస్తూ మన్ననూరు దగ్గర రోడ్డు పక్కన కిలో తేనె కొన్నాం. ఈ చలికి సీసాలో సగం దాకా పేరిన నెయ్యిలా అయింది, చెంచా పెడితే పలుకులు పలుకులుగా వస్తోంది. "చక్కెర పాకం అంటగట్టాడు, పారెయ్" అంటోంది మా అత్తమ్మ. మా ఐదేళ్ల బాబుకు రాత్రిళ్లు పొడి దగ్గు. వాడికి పెట్టొచ్చా?

తార్నాక పెద్దమ్మ: పారేయకమ్మా. గ్లూకోజ్ ఎక్కువున్న తేనె చలికి పలుకు కడుతుంది. గడ్డకట్టిందని కల్తీ అనలేం, కట్టలేదని అసలుదీ అనలేం. సీసాను గోరువెచ్చని నీళ్లలో పెట్టు, పొయ్యి మీద మాత్రం పెట్టకు. బాబుకు పడుకునే ముందు చెంచా తేనెలో నాలుగు చుక్కల అల్లం రసం వేసివ్వు. రసం పిండాక ఐదు నిమిషాలు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి దిగుతుంది, అది వదిలేసి పై తేట తీసుకో. దగ్గు వారం దాటినా, ఆయాసం వచ్చినా డాక్టరే.

మెహిదీపట్నం మామయ్య: నీళ్లలో వేస్తే చెదరకుండా అడుగుకు దిగేదే అసలు తేనె. చూశారా?

ఉప్పల్ కుర్రాడు: ఆ పరీక్ష నమ్మే మోసపోయా బాబాయ్. బకెట్లో తేనెతుట్టె, దాని మీద నాలుగు ఈగలతో మా గల్లీకొచ్చాడొకతను. కళ్లముందే పిండాడు, గ్లాసులో దారంలా దిగింది. ఇంట్లో నాకితే బెల్లం వాసన! తర్వాత చిక్కటి బెల్లం పాకం కాచి వేసి చూశా, అదీ అలాగే దిగింది. అంతెందుకు, 2020లో ఢిల్లీలోని సీఎస్ఈ అనే పర్యావరణ పరిశోధన సంస్థ 13 బ్రాండ్లను పరీక్షకు పంపితే కల్తీ పాకాన్ని పట్టే ఎన్ఎంఆర్ అనే ల్యాబ్ పరీక్షలో నెగ్గినవి మూడే. నీళ్ల గ్లాసుతోనో, తేనెలో ముంచిన అగ్గిపుల్ల వెలిగించో తేలే సంగతి కాదు. నేనైతే గిరిజనుల దగ్గర కొని అమ్మే ప్రభుత్వ సంస్థ జీసీసీ (గిరిజన సహకార సంస్థ) తేనె తెస్తున్నా.

సికింద్రాబాద్ కొత్తమ్మ: మా పాపకు తొమ్మిది నెలలు. జలుబుకు నాలుక మీద రాయమంటోంది అమ్మమ్మ.

తార్నాక పెద్దమ్మ: వద్దు తల్లీ! ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. తేనెలో బొటులిజం (కండరాలు చచ్చుబడే జబ్బు) తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. పసిపిల్లల పేగుల్లో అవి పెరిగి విషం పుట్టిస్తాయి, వంటింట్లో మరిగించినా చావవు. మా పెద్దోడికి పుట్టిన రోజే నాకించాను, ఇప్పుడు తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

మెహిదీపట్నం మామయ్య: నాకు షుగర్. చాయ్‌లో చక్కెర బదులు తేనె పర్లేదు కదా?

ఉప్పల్ కుర్రాడు: అందులో 80 శాతం దాకా చక్కెరలే బాబాయ్. పేరు మారిందంతే.

టోలీచౌకీ వంటగది: ఖుబానీ కా మీఠాలో వేసి చూడండి. ఖుబానీలు (ఎండు ఆప్రికాట్లు) రాత్రంతా నానబెట్టి, అదే నీళ్లలో మెత్తగా ఉడికించి, దించి గోరువెచ్చగా అయ్యాక తేనె కలపాలి. కప్పు చక్కెర పడేచోట ముప్పావు కప్పు చాలు. మరుగుతుండగా పోస్తే ఆ పూల వాసనంతా ఆవిరే. కేకులో వేస్తే ఓవెన్ వేడి 15 డిగ్రీలు తగ్గించండి, తొందరగా మాడుతుంది. నాదొకటి మాడింది కూడా.

కూకట్‌పల్లి కోడలు: గంటలో కరిగింది పెద్దమ్మా. బాబు రెండు రాత్రులుగా కాస్త పడుకుంటున్నాడు. అత్తమ్మ ఇంకా పాకమే అంటోంది కానీ, పొద్దున జొన్నరొట్టెకు రాసుకుని రెండు తినేసింది.