నెల రోజులు రోజుకో పాత చీర: పెట్టెలోంచి తీశాక, కట్టేముందు ఏం చూడాలి? (ఒకరి ప్రశ్న, నలుగురి జవాబులు; విడిగా ఉన్న పేర్లు రాసినవాళ్ళ మారుపేర్లు)

ట్రంకుపెట్టె

శ్రావణమాసం ముప్ఫై రోజులూ రోజుకో పాత చీర కట్టాలని పెట్టుకున్నాను. కొత్తది కొనకూడదు, ఒకసారి కట్టింది మళ్ళీ కట్టకూడదు, అన్నీ 1995కి ముందువే అయి ఉండాలి. అమ్మవి, అమ్మమ్మవి కలిపి 43 ఉన్నాయి: ధర్మవరం పట్టు 9, వెంకటగిరి 7, గద్వాల 6, మంగళగిరి 5, పోచంపల్లి 5, నారాయణపేట 4, జార్జెట్టు, నైలాన్ కలిపి 4, కలంకారీ 2, తొమ్మిది గజాల నూలు చీర 1. ఆఫీసులో తొమ్మిది గంటలు, రానూపోనూ బస్సు.

వీటిలో ఏవి తట్టుకుంటాయో కట్టకముందే తెలుసుకోవడం ఎలా? అన్నీ ఒకసారి ఉతికించాలా? జరీ నల్లబడినవాటిని ఏం చేయాలి? పాత జాకెట్లు ఒక్కటీ పట్టడం లేదు.

నూలుపోగు

ముందు ఉతకడం, ఇస్త్రీ రెండూ ఆపండి. చీర చీకిందో లేదో పొడిగా ఉన్నప్పుడే చూడాలి. తడిస్తే నూలుకి బలం పెరుగుతుంది, పట్టుకి తగ్గుతుంది. చీకిన పట్టుని నీళ్ళలో పెడితే బాల్చీలోనే పిగులుతుంది.

నేల మీద పాత దుప్పటి పరిచి చీర మొత్తం విప్పండి. తర్వాత ఇద్దరు చెరోవైపు కింద చేతులు పెట్టి ఎత్తి, మీటరు మీటరుగా కిటికీ వెలుతురుకి ఎదురుగా చూడండి. కొసలు పట్టుకుని వేలాడదీయొద్దు, బరువంతా పాత మడత మీదే పడుతుంది. ఆ మడత వెంబడి సూదిమొనలంత వెలుగు చుక్కలు వరసగా కనిపిస్తే అక్కడ పోగులు తెగినట్టే.

తర్వాత బొటనవేళ్ళ పరీక్ష. రెండు వేళ్ళూ రెండు సెంటీమీటర్ల ఎడంలో ఆనించి మెల్లగా లాగండి, పడుగు దిక్కున (పొడుగునా) ఓసారి, పేక దిక్కున (అడ్డంగా) ఓసారి. మూడు చోట్ల చాలు: నిలువు మడత, నడుము దగ్గర దోపుకునే చోటు, భుజం మీద పిన్నీసు పడే చోటు. అనుమానం తీరకపోతే లోపలి కొస నుంచి ఒక్క పోగు లాగి తెంపండి. బాగున్న పట్టు పోగు కాస్త సాగి తెగుతుంది, చీకింది ఎండుపుల్లలా సాగకుండానే విరుగుతుంది.

ఒక్కో రకానికి ఒక్కో బలహీనత. గద్వాలలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒంటి పేకనీ అంచు పేకనీ ఒకదాంట్లో ఒకటి మెలివేసి కలుపుతారు. తెగేది ఆ కలయిక దగ్గరే, కాబట్టి అంచు పొడవునా వేలు నడిపి చూడండి. కలంకారీలో ఎరుపు నిక్షేపంగా ఉండి నలుపు గీతలు మాత్రం రాలిపోతుంటాయి. ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టి తీసే నలుపు అది, ఇనుము నూలుని లోపల్నుంచి తినేస్తుంది. గీత మీద గోరు ఆనిస్తే పొడి రాలుతోందంటే ఆ చీర కట్టకండి. వెంకటగిరి పోగు సన్నం, నేత బాగున్నా పిన్నీసు లాగితే జరిగిపోతుంది. మంగళగిరి, నారాయణపేట నూలు గట్టివి, పెద్దగా పరీక్ష అక్కర్లేదు. నైలాన్ సంగతి చెప్పేదేముంది, మనకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

చూశాక మూడు కుప్పలు వేయండి: బస్సెక్కి రోజంతా కట్టేవి, ఇంట్లోనో గుళ్ళోనో రెండు మూడు గంటలు కట్టేవి, అసలు కట్టకూడనివి. మొదటి కుప్పలో కనీసం 22 లేకపోతే మీ నెల లెక్క కుదరదు. పనిరోజులు అన్ని ఉంటాయి మరి.

జరీఅంచు

జరీ నల్లబడితే బాధపడకండి, అందులో వెండి ఉందన్నమాట. అసలు జరీ అంటే పోగు మీద వెండి తీగ చుట్టి పైన బంగారు పూత పూసింది. గాలిలోని గంధకానికి నల్లబడేది వెండే. వెండి పూత రాగి తీగ వాడిన జరీ అయితే చెమ్మ తగిలిన చోట ఎర్రగానో పచ్చగానో తిరుగుతుంది. ప్లాస్టిక్ జరీ ముప్ఫై ఏళ్ళైనా తళతళమంటుంది, కాకపోతే పొట్టులా లేస్తుంది.

నిమ్మకాయ, చింతపండు, పళ్ళపొడి, వంటసోడా ఏవీ జరీకి పెట్టొద్దు. పైన ఉన్న బంగారం అతి పలచటి పూత. రుద్దితే నలుపుతో పాటు అదీ పోయి తెల్లటి వెండి తేలుతుంది. తడి లోపలి పోగుకి దిగి, అది కుంచించుకుని, జరీ ఉంగరాలు తిరుగుతుంది. పొడి మెత్తటి నూలు గుడ్డతో అద్ది వదిలేయండి. నల్లటి జరీ పాత చీరకి అందమే అని నా అభిప్రాయం.

ఉతుకు విషయం. జరీ పట్టు ఇంట్లో ఉతకొద్దు. నీడలో దండెం మీద నాలుగైదు గంటలు ఫ్యాను గాలికి వదిలితే పెట్టె వాసన చాలావరకు పోతుంది. మరకలుంటేనే డ్రైవాష్. ఇచ్చేటప్పుడు 'రోల్ పాలిష్ వద్దు' అని చీటీ రాసి మరీ ఇవ్వండి. ఆ యంత్రం చీరని బిగించి లాగుతూ ఆవిరి పెడుతుంది, గట్టిదనానికి మందు కొడుతుంది. కొత్త చీరకి మెరుపొస్తుంది, మడత దగ్గర చీకినది నిలువునా చిట్లుతుంది.

నూలు చీరలకి ముందు రంగు పరీక్ష. తెల్లగుడ్డ తడిపి పిండి, చీర లోపలి కొస మీద ఒక్కో రంగు దగ్గర రెండు నిమిషాలు అదిమి పట్టండి. అంటితే ఉతకొద్దు, గాలికి ఆరేయడమే. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందన్నది నమ్మకమే, పాత రంగుకి అది పనిచేయదు. అంటకపోతే పది లీటర్ల చన్నీళ్ళలో ఒక చెంచా సోడా లేని ద్రవం సబ్బు, అయిదు నిమిషాలు, రెండుసార్లు జాడింపు. మెలిపెట్టి పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కండి. గంజి ఆ వారం కట్టే చీరలకే. గంజితో మడిచి దాస్తే పురుగుకి భోజనం పెట్టినట్టే.

ఇంకోటి. చాలా ఇళ్ళలో కలరా ఉండలూ కర్పూరమూ రెండూ పెట్టెలో వేస్తారు. రెండూ కలిస్తే వేసవి వేడికే మెత్తబడి కరిగి నూనె మరకలా దిగుతాయి. ఒక్కటే, అదీ మూటకట్టి, చీరకి తగలకుండా.

కుంకుడుపులుసు

జరీ పట్టు వరకు పై మాట సరే. జరీ లేని ముదురు రంగు పట్టుని, పోగు గట్టిగా ఉంటే, ఇంట్లో ఉతకొచ్చు. గింజ తీసిన పది కుంకుడుకాయలు లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పిసికి, రెండుసార్లు వడగట్టండి. పిప్పి మిగిలితే నేతలో ఇరుక్కుంటుంది. ఆ పులుసు ఎనిమిది లీటర్ల చన్నీళ్ళలో కలపండి. తెలుపు, గంధం, లేత గులాబీ రంగులకి మాత్రం కుంకుడు వద్దు, గోధుమ ఛాయ అంటుతుంది. బట్టల సబ్బుపొడి ఏ పట్టుకీ వద్దు. సోడా పట్టుని తింటుంది, మరకలు తీసే ఎంజైములు పట్టునీ మరకలాగే చూస్తాయి.

కుచ్చిళ్ళు

జాకెట్ల కోసం 30 చీరలకి 30 వద్దు. టూ బై టూ రూబియాలో ఆరు రంగులు: నలుపు, మెరూన్, గంధం, ఆవపిండి పసుపు, ముదురాకుపచ్చ, నెమలికంఠం నీలం. చీర ఒంటి రంగుకి సరిపెట్టే ప్రయత్నం చేయకండి, పాత రంగు వెలిసి ఉంటుంది కాబట్టి కొత్తగుడ్డ ఎప్పుడూ పక్కన అరుస్తుంది. అంచులోనో బుటాలోనో ఉన్న చిన్న రంగు తీసుకోండి. రూబియానీ లైనింగునీ రాత్రి నానబెట్టి ఆరేశాకే దర్జీకి ఇవ్వండి. పాత జాకెట్లు పారేయకముందు పక్క కుట్లు తిరగేసి చూడండి, వదిలిన గుడ్డ తరచూ ఒక అంగుళం ఉంటుంది.

పన్నా (చీర వెడల్పు) కొలవండి. పాత నూలు చీరలు 44, 45 అంగుళాలే ఉంటాయి. పన్నాలోంచి మీ నడుము నుంచి నేలదాకా ఉన్న కొలత తీసేస్తే దోపడానికి మిగిలేది కనీసం మూడంగుళాలు ఉండాలి. తగ్గితే పైఅంచుకి, పైట మొదలయ్యేదాకా, నాలుగంగుళాల నూలు పట్టీ చేత్తో కుట్టండి. మిషను సూది వరసగా పొడిచిన రంధ్రాల వెంబడి పాత గుడ్డ కాగితంలా చిరుగుతుంది. పాత ఫాల్ ముడుచుకుని అంచుని పైకి లాగుతుంటే విప్పేయండి. కొత్త ఫాల్ కూడా నానబెట్టాకే.

పిన్నీసు భుజం మీద ఒక్కటే. చీరకీ పిన్నీసుకీ మధ్య నాలుగు మడతల మెత్తటి గుడ్డ ముక్క పెట్టి, జాకెట్టు కుట్టు మీదుగా గుచ్చండి. సాయంత్రం ఇంటికి రాగానే తీసేయాలి. శ్రావణం చెమ్మకి చవక పిన్నీసు తుప్పు అంటుతుంది, పట్టు మీద తుప్పుమరక పోదు. సెంటు కట్టకముందే ఒంటికి కొట్టుకుని ఆరనివ్వండి.

2015లో బెంగళూరులో మొదలైన వంద చీరల ఒప్పందంలో (హండ్రెడ్ శారీ పాక్ట్) లెక్క ఏడాదికి వంద, అంటే వారానికి రెండే. మీది రోజుకొకటి. ప్రతి చీరా ఒక్కసారే కడుతున్నారు కనుక భారం చీర మీద కాదు, ఇంటి దండెం మీద పడుతుంది. విప్పిన చీర రాత్రంతా ఆరాలి, వెంటనే బీరువాలో పెట్టకూడదు. రేపటిది ఈ రాత్రే తీసి వేలాడాలి. రెండు దండేలు ఖాళీగా ఉంచుకోండి. తిరిగి మడిచేటప్పుడు పాత గీత మీద కాకుండా నాలుగువేళ్ళు పక్కకి మడవండి.

శ్రావణ శుక్రవారాలకి ధర్మవరం అనిపిస్తుంది సహజంగా. కానీ దీపాల నూనె, పసుపు, కుంకుమ తగిలేది ఆ రోజునే. పూజ దాకా నారాయణపేట, పేరంటానికి వెళ్ళేటప్పుడు పట్టు... కానీ అలా చేస్తే ఒకే రోజు రెండు చీరలు ఖర్చు. మీ నియమం ఒప్పుకుంటుందో లేదో మీరే చూసుకోండి.

ట్రంకుపెట్టె

పరీక్షించాను. రోజంతా కట్టేవి 24, కొన్ని గంటలవి 11, వద్దన్నవి 5. తేల్చుకోలేనివి మూడు:

ఒక ధర్మవరం, లోపలి కొస నుంచి 60 సెంటీమీటర్ల దగ్గర 12 సెంటీమీటర్లు చిట్లింది, మిగతా అంతా గట్టిగా ఉంది. ఒక గద్వాల, గట్టిగానే ఉంది కానీ అంచు అలల్లా లేచింది. ఇంకా ఆ తొమ్మిది గజాలది.

నూలుపోగు

ధర్మవరం చిట్లింది నడుము మొదటి చుట్టులోకి వెళ్తుంది, కనిపించదు, కాకపోతే లాగుడు పడుతుంది. చిరుగు కంటే అన్నివైపులా మూడు సెంటీమీటర్లు పెద్దదైన మెత్తటి పలచటి పట్టు ముక్క వెనక వేసి, ఒంటిపేట పట్టుదారంతో ఎడంగా చేతికుట్లు వేయండి. దారం చీర కంటే బలమైనదైతే అదే చీరని కోస్తుంది. దర్జీలు వేసే పేస్టింగ్ గుడ్డ వద్దు, జిగురు బిగుసుకుని దాని అంచు వెంట కొత్త చిట్లు వస్తుంది. మూడు గంటల కుప్పలో పెట్టండి.

గద్వాల అలలకి కారణం ఉతుకు. నూలు ఒళ్ళు కుంచించుకుంది, పట్టు అంచు అంతగా కుంచించుకోలేదు. నూలు భాగం మాత్రమే నీళ్ళు చిలకరించి, ఇద్దరు పొడుగునా మెల్లగా సాగదీసి పట్టుకుంటే తడిగా ఉండగానే ఇస్త్రీ. అంచు మీద పొడి గుడ్డ వేసి, తక్కువ వేడి. సగం అలలు దిగుతాయి, మిగతావి కుచ్చిళ్ళలో కలిసిపోతాయి.

తొమ్మిది గజాలంటే 8.2 మీటర్లు. మామూలు కట్టుకి 5.5 పోతే 2.7 మిగులుతుంది. దాన్నంతా కుచ్చిళ్ళలో పెడితే ఒక్కోదానికి పాతిక సెంటీమీటర్ల చొప్పున పదకొండు ఎక్కువ, నడుము దగ్గర దిండు కట్టుకున్నట్టుంటుంది. కత్తిరించొద్దు. ఒక ఆదివారం కచ్చ పోసి కట్టండి, ముందు రోజు రాత్రి ఒకసారి సాధన చేసి.