‘మామ్‌చుంగ్’ని ‘సోకులాడి’ అనొచ్చా?

‘82లో పుట్టిన కిమ్ జీయంగ్’ అనే కొరియన్ నవలలో తల్లుల మీద వచ్చే ‘మామ్‌చుంగ్’ అనే తిట్టుకి ‘సోకులాడి’ సరిపోతుందని ఒకరు రాశారు. నాకైతే అస్సలు కుదరదనిపిస్తోందండీ, ఆ సన్నివేశంలో సోకు ఎక్కడుంది? జీయంగ్ పాపని తోపుడు బండిలో వేసుకుని వచ్చి పార్కు బెంచీ మీద కూర్చుని 1,500 వన్‌ల కాఫీ తాగుతోంది (అక్కడ అది చవక కాఫీనే), పక్కనున్న ఆఫీసు మగాళ్ళేమో మొగుడి సంపాదనతో కాఫీలు తాగుతూ తిరిగే మామ్‌చుంగ్‌దే బతుకంటే అని ఆమె చెవిన పడేలా అనుకుంటారు. మామ్ ఇంగ్లీషే, చుంగ్ అంటే పురుగు. ఆన్‌లైన్‌లో ఈ చుంగ్‌ని ఎవరికి పడితే వాళ్ళకి తగిలిస్తారు, అడక్కపోయినా వివరణలిచ్చేవాడు ‘సొల్‌మ్యంగ్‌చుంగ్’. ఆడవాళ్ళూ ఊరుకోలేదు, కొరియా మగాళ్ళకి ‘హన్నమ్‌చుంగ్’ అని తిరిగి అంటించారు.

సోకులాడికి దగ్గరి మాట వేరే ఉంది, ‘ద్వెన్‌జాంగ్‌న్యో’. ద్వెన్‌జాంగ్ అంటే సోయా గింజల్ని పులియబెట్టిన ముద్ద, న్యో అంటే ఆడది. తిండి దగ్గర పొదుపు చేసి ఖరీదైన కాఫీ, బ్రాండెడ్ బ్యాగు పట్టుకు తిరుగుతుందని 2000ల మధ్యలో పుట్టిన ఎగతాళి. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఉద్యోగ దరఖాస్తు మీద ఫోటో అంటించమన్నదీ ఆ సమాజమే (ప్రభుత్వ సంస్థల్లో 2017లో గానీ ఆ పద్ధతి తీసెయ్యలేదు), తీరా ముస్తాబైతే సోకులాడి అనేదీ వాళ్ళే. 2018లో అమ్మాయిలు జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, పగలగొట్టిన మేకప్ సామాను ఫోటోలు పెట్టారంటే ఊరికే కాదు.

కొరియన్ రచయిత్రి హాన్ కాంగ్ నవల ‘శాకాహారి’లోనూ అంతే, మొదటి భాగం మొగుడే చెప్తాడు. అన్ని విధాలా మామూలుగా ఉందనే చేసుకున్నాడు, ఆవిడ బ్రా వేసుకోకపోవడం మాత్రం నలుగురిలో అతనికి నామోషీ.

సరే, అనువాదానికొస్తే పురుగుని వదలొద్దంటాను, పురుగును చూసినట్టు చూడటం మనకీ తెలిసిందే కదా. ‘తల్లి పురుగు’ అంటే పిల్లల కథలా ఉంటుంది. ‘పుస్తకాల పురుగు’ అన్న పద్ధతిలో ‘మమ్మీ పురుగు’ అంటే ఎలా ఉంటుంది? మామ్‌కి మమ్మీ, వెటకారం కూడా పోదు. ఇంతకంటే ఘాటైనది ఎవరికైనా తడితే చెప్పండి.