మందుల మత్తులో ఉన్న మనిషిని లేపాలా, పడుకోనివ్వాలా?

లంకల కోడలు:

మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. సంక్రాంతి వెళ్ళిన వారానికి మావారు రాత్రిపూట బండి మీద వస్తూ కాలవగట్టు మలుపులో పడిపోయారు. హెల్మెట్ లేదు. తలలో రక్తం గడ్డకడితే ఆపరేషన్ చేశారు. ఆసుపత్రిలో ఉండగానే రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ప్రాణం దక్కింది. కాళ్ళూ చేతులూ ఆడుతున్నాయి, మాటా వస్తోంది. ఇప్పుడు ఐదో నెల. ఆయన వయసు 46.

నా బాధల్లా నిద్రే. ఫిట్స్ రాకుండా పొద్దున్నా రాత్రీ లెవెటిరాసిటామ్, సోడియం వాల్‌ప్రోయేట్ ఇస్తున్నాం. రాత్రిళ్ళు కేకలు వేస్తున్నారని క్వెటియాపిన్ కూడా రాశారు. రోజుకి 15, 16 గంటలు పడుకునే ఉంటున్నారు. మొన్న టిఫిన్ పెడుతుంటే ఇడ్లీ ముక్క బుగ్గన ఉండగానే కళ్ళు మూతలు పడిపోయాయి. గడ్డం పట్టుకుని "నమలండి, నమలండి" అంటూ కూర్చున్నాను.

మా ఇల్లు చెరువుగట్టు పక్కనే. రొయ్యల చెరువున్న వాళ్ళకి తెలుసు, రాత్రంతా నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల చప్పుడులోనే పడుకుంటాం, కరెంటు పోయి అవి ఆగాయంటే ఆ నిశ్శబ్దానికే మెలకువ వచ్చేస్తుంది. పన్నెండేళ్ళలో ఈయన ఒక్కసారి కూడా ఏమరలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా జనరేటర్ దగ్గరికి పరిగెత్తేవారు. పోయినవారం కరెంటు పోతే భుజం పట్టి ఊపినా కదల్లేదు. మా మరిది వెళ్ళి జనరేటర్ వేశాడు.

నేను పగలు లేపేస్తాను. మొహం కడిగించి అరుగు మీద కూర్చోబెడతాను. అత్తగారేమో "నా కొడుకుని పీక్కుతింటున్నావు, పడుకోనీ" అంటారు. నిన్న ఇద్దరం వంటింట్లో ఏడ్చాం. లేపడం తప్పా? పొద్దుటి మాత్ర ఒక్కటి మానేస్తే ఏమవుతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలకొల్లు మాస్టారు:

అమ్మాయ్, మీ అత్తగారి మీద కోపం పెట్టుకోకు. దెబ్బతిన్న మెదడుకి నిద్ర కావాలి. మందుల సంగతి నాకు తెలియదు గానీ, మా పక్కింటి అబ్బాయి చెట్టు మీంచి పడి తలకి దెబ్బ తగిలించుకున్నప్పుడు ఆరు నెలలు ఇలాగే పడుకుని లేచాడు. నిద్ర సుఖమెరగదంటారు, రానీ. మనిషి దక్కాడు కదా. గంటకోసారి లేపి కూర్చోబెడితే ఆ మెదడు ఎప్పుడు తేరుకుంటుంది? ఏడాది ఓపిక పట్టు.

భీమవరం నుంచి బావమరిది:

మా బావకీ ఇదే కథ. పొద్దుటి డోసు ఆపేశాం. నాలుగు రోజుల్లో కుర్చీలో కూర్చుని పేపరు చదివాడు. రెండు నెలలైంది, ఏమీ కాలేదు. డాక్టర్లు రాస్తూనే ఉంటారండి, ఎప్పుడు ఆపాలో చెప్పరు. ఫిట్స్ రావని చెప్పి మనిషిని మంచానికి అంటించేస్తే అదేం బతుకు?

న్యూరో వార్డు నర్సు, కాకినాడ:

భీమవరం అన్నగారూ, మీ బావగారికి ఏమీ కాలేదంటే సంతోషం. కానీ దండం పెడతాను, దాన్ని ఇంకొకరికి సలహాగా చెప్పకండి. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపేస్తే ఒకదాని మీద ఒకటిగా ఆగకుండా ఫిట్స్ రావచ్చు. ఐదు నిమిషాలు దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే, వెంటనే 108కి ఫోన్ చేయాలి. అలా వచ్చినవాళ్ళ మంచాల పక్కన నేను నిలబడ్డాను. చేతిలో తాళంచెవులు పెట్టి, పళ్ళ మధ్య చెంచా దూర్చి తీసుకొస్తారు. రెండూ చేయకూడదు. పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టి, చుట్టూ గట్టివస్తువులు తీసేసి, టైము చూడాలి. అంతే.

లంకల కోడలమ్మా, ముందు ఆ ఇడ్లీ సంగతి. మగతగా ఉన్న మనిషి నోట్లో ముద్ద పెట్టకండి. గొంతుకి అడ్డం పడుతుంది, లేదంటే ఊపిరితిత్తుల్లోకి జారి నెమ్ము చేస్తుంది. పూర్తిగా తెలివి వచ్చాక, నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న ముద్దలు పెట్టండి. తిన్న వెంటనే పడుకోబెట్టకండి. తిండి ఒక పూట ఆలస్యమైనా పరవాలేదు. నాకు మీ పోస్టులో అన్నిటికన్నా భయం వేసింది ఇదే.

ఇక నిద్ర. ఇది మందుల వల్లే అని ముందే తేల్చేయకండి. దెబ్బే నిద్ర తెస్తుంది, మాస్టారు చెప్పింది అంతవరకు నిజమే. మొదటి నెలల్లో ఎక్కువ పడుకుంటారు. కానీ ఐదో నెలలో 16 గంటలంటే కారణం వెతకాలి. వాల్‌ప్రోయేట్ వాడేవాళ్ళలో కొందరికి రక్తంలో అమ్మోనియా పెరిగి మగత వస్తుంది, లివర్ పరీక్ష బాగానే ఉన్నా అమ్మోనియా పెరిగి ఉండొచ్చు. అందుకని దానికి వేరే పరీక్ష చేయించాలి. లెవెటిరాసిటామ్ కిడ్నీల ద్వారా బయటికి పోతుంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎక్కువగా ఉంటే మామూలు డోసే ఎక్కువైపోతుంది. తల దెబ్బకి మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి కూడా దెబ్బతినొచ్చు, అప్పుడు థైరాయిడ్, కార్టిసాల్ హార్మోన్లు తగ్గి మనిషి వడలిపోతాడు. సోడియం తగ్గినా అంతే. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నారా చూడండి. మనసు కుంగిపోయినా పడుకునే ఉంటారు.

ఒకటి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు. ఇదివరకు లేపితే లేచే మనిషి ఇప్పుడు లేపినా లేవకపోయినా, నిద్ర రోజురోజుకీ పెరుగుతున్నా, తలనొప్పి, వాంతులు, ఒకవైపు చెయ్యి కాలు పట్టుతప్పడం ఉన్నా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తల దెబ్బ తగిలిన కొన్ని వారాలకి కూడా లోపల నెమ్మదిగా రక్తం చేరుతుంది. స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. కరెంటు పోయిన రాత్రి ఊపినా కదల్లేదన్నారు. రాత్రి క్వెటియాపిన్ వేసుకున్నాక గాఢనిద్ర వల్ల కావచ్చు, కానీ ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

రావులపాలెం మెడికల్ షాపు:

చిన్న మాట అండి. ఇంట్లో ఉన్న మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికో, షాపుకో పట్టుకెళ్ళండి. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీల్లో రాసి ఉంటే రెండూ మింగుతున్నవాళ్ళని నేను నెలకొకరినైనా చూస్తాను. ఆపరేషన్ చేసిన డాక్టరు ఒకటి రాస్తారు, ఊళ్ళో డాక్టరు అదే వేరే పేరుతో రాస్తారు. జలుబుకి సెటిరిజిన్, దగ్గుకి సిరప్, కండరాలు బిగుసుకుపోతే బాక్లోఫెన్, నిద్రకని క్లోనజెపామ్, ఇవన్నీ మత్తు మీద మత్తు. బాక్లోఫెన్ కూడా ఒక్కసారిగా ఆపకూడదు.

అమలాపురం, ఇంకో భార్య:

చెల్లీ, నాది మూడో ఏడు. మీ పోస్టు చదువుతుంటే నా పాత నోట్‌బుక్ చదువుతున్నట్టు ఉంది.

భీమవరం తమ్ముడికి ముందు చెప్తాను. నేనూ మీలాగే అనుకున్నాను. మావారికి ఫిట్స్‌కి ఫెనిటాయిన్ ఇస్తుండేవాళ్ళం, నడుస్తుంటే తూలిపోయేవారు, మాట ముద్దగా వచ్చేది. నేనే, ఎవరినీ అడక్కుండా, పగటి మాత్ర తీసి గూట్లో దాచాను. పదకొండు రోజులు బాగున్నారు. నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. పన్నెండో రోజు కాలవరేవులో కాళ్ళు కడుక్కోవడానికి దిగి, రెండో మెట్టు మీదే ఫిట్ వచ్చి నీళ్ళలోకి ఒరిగిపోయారు. రేవులో బట్టలు ఉతుకుతున్నామె జుట్టు పట్టుకుని పైకి లాగింది. ఆమె లేకపోతే ఈ పోస్టు రాయడానికి నేను మిగిలేదాన్ని కాదు. మీ బావకి రెండు నెలలు ఏమీ కాలేదంటే నాకు ధైర్యం రావడం లేదు తమ్ముడూ, ఆ పదకొండు రోజులే గుర్తొస్తున్నాయి.

అయితే నర్సు గారితో కూడా ఒక తగవుంది. డాక్టరుకి చెప్పండి అన్నారు. చెప్పాం. నాలుగుసార్లు చెప్పాం. అరవై కిలోమీటర్లు వెళ్ళి, మధ్యాహ్నం దాకా కూర్చుని, మూడు నిమిషాలు మాట్లాడితే "తల దెబ్బ కదమ్మా, నిద్ర ఉంటుంది, అవే కంటిన్యూ చేయండి" అనేవారు. పైగా అక్కడికి వెళ్ళేసరికి ఈయన కళ్ళు తెరుచుకుని కూర్చునేవారు, బస్సు కుదుపులకి. డాక్టరుకి నేను అబద్ధం చెప్తున్నట్టు కనపడేది. చివరికి నేను ఫోన్లో వీడియోలు తీశాను. అన్నం కంచంలో చెయ్యి పెట్టి నిద్రపోతున్నది, తొమ్మిదింటికి, పన్నెండింటికి, నాలుగింటికి. వారం రోజులు ఏ మాత్ర ఎన్నింటికి, ఎన్నింటికి మగత, ఎన్నింటికి తెలివి అని రాశాను. వేరే డాక్టరు దగ్గర ఆ కాగితం పెట్టాను. మాత్ర వేసిన గంటన్నరకి మగత మొదలవుతోందని ఆయన అందులోంచే చూశారు. ఫెనిటాయిన్ రక్తంలో ఎంత ఉందో పరీక్ష చేయిస్తే ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఉంది. ఆ మందు డోసు కాస్త పెంచినా రక్తంలో మట్టుకు బాగా పెరిగిపోతుందట. నెమ్మదిగా తగ్గిస్తూ వేరే మందులోకి మార్చారు. రెండు నెలలు పట్టింది.

అందుకే నా మాట ఇది. మాత్రని ముట్టుకోకండి, నిద్రని మాత్రం ఒప్పుకోకండి. "ఈ నిద్రతో మేం బతకలేకపోతున్నాం, ఏం మార్చగలరు? పెద్ద డోసు రాత్రికి జరపగలమా? రెండు మందుల్లో ఒకటి చాలదా? కేకలు తగ్గాయి కదా, క్వెటియాపిన్ ఇంకా కావాలా?" అని సూటిగా అడగండి. ఆసుపత్రిలో అసలు ఫిట్సే రాని వాళ్ళయితే ఇంకా ఎందుకు వాడుతున్నామని కూడా అడగాలి. ముందుజాగ్రత్తకిచ్చే మందు సాధారణంగా మొదటి వారానికే. మీవారికి రెండుసార్లు వచ్చాయి కాబట్టి అది వేరు.

లేపడం గురించి. నేను లేపుతాను. పొద్దున్న ఒకే టైముకి లేపి ఎండలో కూర్చోబెడతాను, మధ్యాహ్నం ఒక గంట పడుకోనిస్తాను, స్నానం, నడక, మనుషులు వచ్చే పని అంతా ఆయనకి తెలివిగా ఉండే పది నుంచి పన్నెండు మధ్యలో పెట్టుకుంటాను. కొబ్బరికాయల లెక్క ఆయన చేతే రాయిస్తాను. చెరువుగట్టు మీదికి, రేవుకి, డాబా మెట్లకి ఒంటరిగా పంపను. బండి తాళం మా తమ్ముడి ఇంట్లో ఉంది. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌కి కూడా వెళ్ళండి, 40 శాతం పైన వస్తే పింఛను 6000 వస్తుంది, అడగడానికి మొహమాటపడకండి.

ఇంకొకటి. ఎవరూ అడగరు కాబట్టి నేను అడుగుతున్నాను. ఇంట్లో మనిషి ఉన్నాడు, మాట్లాడే మనిషి లేడు. మీకెలా ఉంది చెల్లీ? నేను మొదటి ఏడు పడుకున్న మనిషి మీద కోపంతో పళ్ళు నూరుకునేదాన్ని, తర్వాత ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చేదాన్ని. వారానికి ఒక పూట మా అమ్మ వచ్చి కూర్చుంటుంది, నేను గుడికని వెళ్ళి ఊరికే కూర్చుని వస్తాను. మీరూ ఎవరినైనా చూసుకోండి.

భీమవరం నుంచి బావమరిది:

అక్కా, రేవు సంగతి చదివాక మా అక్కకి ఫోన్ చేశాను. రేపు కాకినాడ వెళ్తున్నారు. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. మెలకువగా ఉండటానికి కూడా మాత్రలు ఉన్నాయట కదా, మోడాఫినిల్ అని. అది ఎవరూ ఎందుకు చెప్పరు?

న్యూరో వార్డు నర్సు, కాకినాడ:

మంచి పని చేశారన్నయ్యా. మోడాఫినిల్ ఉంది. తల దెబ్బవాళ్ళ మీద చిన్న పరిశోధనలు జరిగాయి, కొన్నింట్లో పగటి కునుకు తగ్గింది, నీరసం మాత్రం పెద్దగా తగ్గలేదు, కొన్నింట్లో తేడాయే కనపడలేదు. మత్తు తెచ్చే మందు సరిచేయకుండా దాని మీద మేలుకొలిపే మందు వేయడం చివరి మాటగా ఉండాలి. అది కూడా న్యూరాలజిస్టు రాస్తేనే.

అమలాపురం అమ్మా, మూడు నిమిషాల సంగతి నిజం. వార్డులో ఉండి నేను కాదనలేను. మీ వీడియో ఆలోచన నేను డిశ్చార్జ్ అయ్యేవాళ్ళకి చెప్పడం మొదలుపెడతాను.

పాలకొల్లు మాస్టారు:

నేను ఏడాది ఓపిక పట్టమన్నది వెనక్కి తీసుకుంటున్నాను. కారణం వెతకకుండా ఓపిక పట్టకూడదు. లేపడం మీద మాత్రం నా మాట మారదు. విసుగుతో లేపితే ఆ మనిషి భయంతో లేస్తాడు. మా పక్కింటి అబ్బాయి తర్వాత చెప్పాడు, నిద్రలో వినపడ్డ అరుపులన్నీ తనకి గుర్తున్నాయని. పేరు పెట్టి పిలిచి, చెయ్యి పట్టుకుని, ఇవాళ ఏ వారమో చెప్పి లేపండి.

లంకల కోడలు (మూడు వారాల తర్వాత):

అందరికీ నమస్కారం అండి. అక్క చెప్పినట్టు వీడియోలు తీసుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. స్కాన్ మళ్ళీ తీశారు, లోపల కొత్తగా రక్తం లేదు. థైరాయిడ్, సోడియం బాగున్నాయి. అమ్మోనియా ఎక్కువ ఉంది. వాల్‌ప్రోయేట్ మెల్లగా తగ్గిస్తున్నారు, ఇంకో మందు కలిపారు. క్వెటియాపిన్ సగం చేశారు. ఇప్పుడు 12 గంటలు పడుకుంటున్నారు. కొత్త మందుకి చిరాకు ఎక్కువైంది, నిన్న గ్లాసు విసిరారు. అది కూడా రాసి పెట్టాను.

ఇడ్లీ ఇప్పుడు తొమ్మిదిన్నరకి, అరుగు మీద, పూర్తిగా లేచాకే.

నోట్‌బుక్ రాస్తుంటే అత్తగారు వారం రోజులు పక్కన కూర్చుని చూశారు. ఆవిడకి చదువు రాదు. మొన్న నేను బజారుకి వెళ్ళి వచ్చేసరికి పాలలెక్క గీసినట్టు క్యాలెండర్ మీద బొగ్గుతో గీతలు ఉన్నాయి. పడుకున్నప్పుడు అడ్డగీత, లేచినప్పుడు నిలువుగీత అట. ఆ రోజు నిలువుగీతలు నాలుగున్నాయి.