రిమోట్ అసిస్టెంట్లు ప్రతి చిన్నదానికీ నన్నే అడుగుతున్నారు, ఏం చేయాలి?

మాది చిన్న ఆన్‌లైన్ వ్యాపారం. ఇద్దరు అసిస్టెంట్లు ఇంటి నుంచే కస్టమర్ మెయిల్స్, ఇన్వాయిస్‌లు చూస్తారు. చేరి 7 నెలలైంది. పనిలో తప్పుల్లేవు, కానీ సొంతంగా ఏ నిర్ణయమూ తీసుకోరు. రోజుకు 15-20 సార్లు "ఇలా పంపమంటారా?" అని మెసేజ్. నేను 2 గంటలు కనబడకపోతే పని ఎక్కడిదక్కడే ఆగిపోతుంది.

చిన్న రీఫండ్‌లు నన్నడక్కుండా ఇచ్చేయమని 3 నెలల క్రితమే రాసిచ్చాను. అయినా అడుగుతూనే ఉన్నారు. ప్రతి సోమవారం అరగంట వీడియో కాల్ పెట్టాను. మాట్లాడేది నేనే, వాళ్లు "సరేనండి" అంటారంతే. బోనస్ ఇస్తే రెండు వారాలు హుషారు, తర్వాత మామూలే. మొదట్లో వాళ్ల ప్రతి మెయిల్‌నీ నేనే దిద్దేవాణ్ణి, ఆ బెరుకు ఇంకా పోలేదేమో.

ఇలా అలవాటుపడినవాళ్లు అడక్కుండా నిర్ణయం తీసుకునేలా చేయడానికి మీ దగ్గర నిజంగా పనిచేసిన మార్పు ఏమిటి?