‘చేయడం జరిగింది’: ఇంతకీ చేసిందెవరు?

‘చేయడం జరిగింది’ అనడం వ్యాకరణరీత్యా తప్పా అని ఈ గుంపులో ఒకరు అడిగారు. జవాబిచ్చినవారిలో ఎక్కువ మంది ‘తప్పు కాదు, కాస్త కృతకం, అంతే’ అని వదిలేశారు. నాకు మాత్రం అక్కడితో ఆగాలనిపించడం లేదు. వ్యాకరణం ఒప్పుకున్నా, ప్రజాజీవితంలో ఈ ప్రయోగం చేస్తున్న చెరుపు చిన్నది కాదు.

ముందు మన క్రియాపదాన్ని చూడండి. తెలుగులో కర్తను విడిగా చెప్పకపోయినా క్రియ చివర వినిపిస్తూనే ఉంటుంది. ‘చెప్పాను’ అంటే నేను, ‘చెప్పావు’ అంటే నువ్వు, ‘చెప్పాం’ అంటే మేము. ‘రోడ్డు తవ్వేశారు’ అన్నప్పుడు ఎవరు తవ్వారో తెలియకపోవచ్చు గానీ, మనుషులే తవ్వారన్నది తెలుస్తుంది. ‘రోడ్డు తవ్వడం జరిగింది’ అన్నామంటే ఆ కాస్త ఆనవాలు కూడా పోయింది. మంత్రి చేసినా, గుమాస్తా చేసినా, నేను చేసినా క్రియ ఒకటే: జరిగింది. సభ జరుగుతుంది, ప్రమాదం జరుగుతుంది, అన్యాయం జరుగుతుంది. మనిషి జరిగాడంటే మాత్రం పక్కకు తప్పుకున్నాడనే అర్థం.

‘రామునిచే రావణుడు చంపబడెను’ అని బడిలో కర్మణి వాక్యం నేర్చుకున్నాం. బయట మాట్లాడేటప్పుడు ఎవరూ అలా అనరు. కార్యాలయాల కాగితాల్లో మాత్రం ‘తగు చర్య తీసుకొనబడును’ అంటూ ‘బడు’ స్థిరపడిపోయింది. మైకు ముందు ఆ ‘బడు’ పలకడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి దాని స్థానంలోకి ‘డం జరిగింది’ వచ్చిందని నా ఊహ. రాతలో ఒకటి, మాటలో ఇంకొకటి. రెండూ చేసే పని ఒకటే.

అయితే ‘జరిగింది’ ఎక్కడ కనిపించినా కొట్టేయమని నేననడం లేదు. ‘దొంగతనం జరిగింది’ సరైన వాక్యం, దొంగ ఎవరో ఇంకా తెలియదు కదా. అలవాటుగానో, వినయం అనుకునో ఇలా మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. ‘నేను ఈ కార్యక్రమానికి రావడం జరిగింది’ అనే వక్తకు దాచాల్సిందేమీ లేదు. కానీ జవాబు చెప్పాల్సిన చోట ఇదే మాట అడ్డుగోడ అవుతుంది. ‘పింఛన్ల జాబితా నుంచి కొన్ని పేర్లు తొలగించడం జరిగింది’ అనే వాక్యం తీసుకోండి. పేరు పోయిన మనిషి ఎవరి దగ్గరికి వెళ్లాలి? తొలగించింది ఫలానా అధికారి అని చెబితే ఆయన గది ఎక్కడో వెతుక్కుంటూ వెళ్లవచ్చు. ‘జరిగింది’ అంటే వెళ్లడానికి చోటే లేదు.

ఇది ఒక్క తెలుగుకే పట్టిన జబ్బు కాదు. ఇరాన్‌కు రహస్యంగా ఆయుధాలు అమ్మిన వ్యవహారం బయటపడ్డాక, 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్ తన వార్షిక ప్రసంగంలో ‘తీవ్రమైన పొరపాట్లు జరిగాయి’ అన్నారు. ఎవరి పొరపాట్లో ఆ వాక్యంలో లేదు. మార్చిలో మళ్లీ జాతినుద్దేశించి మాట్లాడినప్పుడు, తన చర్యలకూ తన ప్రభుత్వ చర్యలకూ పూర్తి బాధ్యత తనదేనన్నారు. అంతకు వందేళ్ల కిందట, 1876లో, అధ్యక్షుడు గ్రాంట్ కూడా అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో పొరపాట్లు జరిగాయనే రాశారు. అయితే అది అందరికీ కనిపిస్తున్నదేననీ, తానూ ఒప్పుకుంటున్నాననీ వెంటనే చేర్చారు. ఆ ‘నేను’ ఉండటానికీ లేకపోవడానికీ మధ్య చాలా దూరం ఉంది.

మన సమాచార హక్కు చట్టం (2005) బలం ఎక్కడుందో గమనించండి. అడిగిన సమాచారం ఇవ్వాల్సిన మనిషిని, అంటే పౌర సమాచార అధికారిని, అది ముందే నిర్ణయిస్తుంది. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే 20వ సెక్షన్ కింద రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 దాకా జరిమానా పడేది ఆ అధికారి మీదే. ‘ఆలస్యం జరిగింది’ అని చెప్పి తప్పించుకునే వీలు అక్కడ తక్కువ.

కర్తను దాచడం ఒక ఎత్తయితే, తీర్పును మాటలోనే ఇమిడ్చేయడం ఇంకో ఎత్తు. ‘ఎదురుకాల్పులు’ అన్న మాట చూడండి. ఎదురు అన్నామంటే అవతలివాళ్లు కూడా కాల్చారని ఒప్పేసుకున్నట్టే. అసలు తేలాల్సింది అదే కదా. పోలీసు కాల్పుల్లో ఇలా ఎవరైనా చనిపోతే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలనీ, సీఐడీ గానీ వేరే స్టేషన్ పోలీసుల బృందం గానీ స్వతంత్రంగా దర్యాప్తు చేయాలనీ సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలిచ్చింది. ఆ దర్యాప్తు మొదలైనా కాకముందే మర్నాటి పత్రిక శీర్షికలో ‘ఎదురుకాల్పుల్లో మృతి’ అని వస్తే చదివేవాడికి విచారణ ముగిసిపోయినట్టే. ‘పోలీసు కాల్పుల్లో మృతి, ఎదురుకాల్పులంటున్న పోలీసులు’ అని రాయడానికి పట్టే చోటు ఏమంత ఎక్కువ?

ఛార్జీలు పెంచి దాన్ని ‘ఛార్జీల సవరణ’ అనడం గురించి ఇంకెవరో ప్రస్తావించారు. అందులో నాకంత పట్టింపు లేదు. వేతన సవరణ అన్నప్పుడు మనం సంతోషంగా ఒప్పుకుంటున్నాం, అదీ పెంపే. శీర్షికలో ‘పెంపు’ అని, పక్కన అంకె వేస్తే ఆ గొడవ తీరిపోతుంది.

పరిభాషే, అంటే ఆయా రంగాల ప్రత్యేక పదాలే, వద్దంటే శాస్త్రాలు ఎలా నడుస్తాయన్న ప్రశ్న న్యాయమైనదే. వైద్యులు వైద్యులతో, న్యాయవాదులు న్యాయవాదులతో మాట్లాడుకునే మాటలు వాళ్లకు కచ్చితమైన పనిముట్లు. వాటి జోలికి నేను పోవడం లేదు. కఠినమైన మాటకు అర్థం నిఘంటువులో దొరుకుతుంది. ‘జరిగింది’లో కఠినమైనదేదీ లేదు, చంటిపిల్లలకూ తెలిసిన మాట. అందుకే దాన్ని ఎవరూ నిలదీయరు.

ఈ గుంపులో విలేకరులు కొందరున్నారు కాబట్టి వారికో విన్నపం. ‘చర్యలు తీసుకోవడం జరుగుతుంది’ అని ఎవరైనా చెబితే, ఆ వాక్యాన్ని అలాగే రాసుకోకండి. ఎవరు తీసుకుంటారు, ఎప్పటిలోగా అని అక్కడికక్కడే అడగండి. జవాబొస్తే ఆ పేరు, ఆ తేదీ రాయండి. రాకపోతే, అడిగినా చెప్పలేదని రాయండి.